వీసా రాలేదు, టూర్ సంస్థ డబ్బూ ఇవ్వడం లేదు, పాస్‌పోర్టూ ఇవ్వడం లేదు

ప్రశ్న: నేను గుంటూరులో బీటెక్ మూడో సంవత్సరం చదువుతున్నాను. సెలవుల్లో జర్మనీకి రెండు వారాల స్టడీ టూర్ కోసం నలుగురం స్నేహితురాళ్లం కలిసి హైదరాబాద్‌లోని ఒక టూర్ సంస్థలో బుక్ చేసుకున్నాం. మనిషికి 2,10,000 చొప్పున మొత్తం 8,40,000 రూపాయలు నా ఖాతా నుంచే పంపాను. మిగతా ముగ్గురూ వాళ్ల వాటా నాకు విడతలుగా యూపీఐలో వేశారు. ఇద్దరికి వీసా వచ్చింది, వెళ్లొచ్చారు. నాకూ ఇంకో అమ్మాయికీ రాలేదు. ‘ఎట్టి పరిస్థితుల్లోనూ డబ్బు వాపసు ఇవ్వబడదు’ అన్న ఫారం మీద మీరు సంతకం పెట్టారు కదా అని సంస్థ వాళ్లు అంటున్నారు. పైగా ‘రద్దు ఛార్జీలు’ అంటూ ఇంకో 15,000 కడితే గానీ మా పాస్‌పోర్టులు ఇవ్వరట. ఆ అమ్మాయి వాళ్ల నాన్నగారేమో ‘డబ్బు నీ చేతికిచ్చాం, నువ్వే తిరిగి ఇవ్వాలి’ అని పట్టుబడుతున్నారు. మాకు దారేమిటి?

జవాబు: ముందు పాస్‌పోర్టుల సంగతి తేల్చుకోండి. డబ్బు గొడవ నెలల తరబడి నడుస్తుంది, పాస్‌పోర్టు అన్నాళ్లు వాళ్ల దగ్గర ఉండకూడదు.

పాస్‌పోర్టు మీ పేరు మీద ఉన్నా, 1967 నాటి పాస్‌పోర్టుల చట్టం సెక్షన్ 17 ప్రకారం అది కేంద్ర ప్రభుత్వ ఆస్తి. బాకీ ఉందంటూ దాన్ని తాకట్టు వస్తువులా అట్టే పెట్టుకునే హక్కు ఏ ప్రైవేటు సంస్థకూ లేదు. పోలీసులు స్వాధీనం చేసుకున్న పాస్‌పోర్టును సైతం వాళ్లంతట వాళ్లు నిలిపి ఉంచుకోలేరనీ, ఆ అధికారం సెక్షన్ 10(3) కింద పాస్‌పోర్టు అధికారిదేననీ సురేశ్ నందా కేసులో సుప్రీంకోర్టు 2008లోనే చెప్పింది. పోలీసులకే లేని అధికారం టూర్ సంస్థకు ఎక్కడి నుంచి వస్తుంది? ఈ రోజే సంస్థకు ఈమెయిల్ పంపండి. పాస్‌పోర్టు నంబరు, వాళ్లకు ఇచ్చిన తేదీ రాసి, మూడు రోజుల్లో తిరిగి ఇవ్వమనండి. ఇవ్వకపోతే ఆ సంస్థ కార్యాలయం ఏ పోలీస్ స్టేషన్ పరిధిలో ఉందో అక్కడ రాతపూర్వక ఫిర్యాదు ఇవ్వండి. అప్పగించిన వస్తువును తిరిగి ఇవ్వకుండా ఉంచుకోవడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 316 కింద నమ్మకద్రోహం కిందికి వస్తుందని అందులో రాయండి. చాలాసార్లు స్టేషన్ నుంచి ఒక ఫోన్ వెళ్లగానే పాస్‌పోర్టు బయటికి వస్తుంది.

ఇక్కడ కొందరు చేసే పని ఒకటుంది, మీరు మాత్రం చేయకండి. పాస్‌పోర్టు పోయిందని చెప్పి కొత్తదానికి దరఖాస్తు పెడతారు. అది ఎక్కడుందో తెలిసి పోయిందనడం తప్పుడు సమాచారం ఇవ్వడమే. పాస్‌పోర్టుల చట్టం సెక్షన్ 12 ప్రకారం దానికి రెండేళ్ల దాకా జైలు పడవచ్చు. ఒకవేళ అత్యవసరంగా పాస్‌పోర్టు కావాల్సి వచ్చి 15,000 కట్టక తప్పకపోతే నగదుగా ఇవ్వకండి. బ్యాంకు ద్వారా పంపి, ‘అభ్యంతరం తెలుపుతూ, పాస్‌పోర్టు కోసం మాత్రమే కడుతున్నాను’ అని అదే రోజు ఈమెయిల్ చేయండి. అప్పుడు ఆ మొత్తం కూడా తిరిగి అడగవచ్చు.

ఇక డబ్బు. ‘వాపసు లేదు’ అన్న ఒక్క వాక్యంతో 4,20,000 రూపాయలూ వాళ్లవైపోవు. భారత కాంట్రాక్టు చట్టం సెక్షన్ 74 ప్రకారం ఒప్పందంలో ఎంత మొత్తం రాసుకున్నా, నష్టపోయిన పక్షానికి దక్కేది ఆ మొత్తానికి మించని సమంజసమైన పరిహారం మాత్రమే. కైలాష్‌నాథ్ అసోసియేట్స్ కేసులో 2015లో సుప్రీంకోర్టు ఇదే సూత్రాన్ని విడమరిచి చెప్పింది: అసలు నష్టమే జరగనప్పుడు కట్టిన సొమ్మును మింగేయడం కుదరదు. పైగా మీరు ఒప్పందం తప్పలేదు, వీసా రాలేదు, అంతే. కాబట్టి మీ నోటీసులో ‘మా డబ్బు మాకివ్వండి’ అని ఊరుకోకుండా, ఇద్దరి పేరిట ఎవరికి, ఏ తేదీన, ఎంత చెల్లించారో బిల్లులతో సహా లెక్క చూపమని అడగండి. వాళ్లు ఇబ్బంది పడేది ఈ ప్రశ్న దగ్గరే.

ఆ లెక్క వస్తే ఇలా చదవండి. షెంగెన్ (జర్మనీతో సహా ఒకే వీసా నడిచే ఐరోపా దేశాల కూటమి) వీసా ఫీజు పెద్దలకు 90 యూరోలు, వీసా వచ్చినా రాకపోయినా తిరిగి రాదు. కానీ చదువు లేదా విద్యా శిక్షణ కోసం వెళ్లే విద్యార్థులకు షెంగెన్ వీసా నిబంధనల్లో ఈ ఫీజు మినహాయింపు ఉంది, దరఖాస్తు కేంద్రం తీసుకునే సేవా రుసుము మాత్రమే కట్టాలి. మీ దరఖాస్తును స్టడీ టూర్‌గా పెట్టారా, మామూలు పర్యాటక వీసాగా పెట్టారా అన్నది దరఖాస్తు కేంద్రం రసీదు చూస్తే బయటపడుతుంది. స్టడీ టూర్ అని అమ్మి, పర్యాటకులుగా దరఖాస్తు పెట్టి ఉంటే అదొక్కటే మీ కేసుకు గట్టి ఆధారం. విమాన టికెట్ భారతీయ విమానసంస్థదైతే, వాపసు లేని రాయితీ టికెట్ అయినా రద్దు చేసినప్పుడు ప్రభుత్వ పన్నులూ విమానాశ్రయ రుసుములూ తిరిగి ఇవ్వాలని పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధన ఉంది. హోటల్ గదులకు వీసా తిరస్కరణ తెలిసిన రోజునే రద్దు పంపారో లేదో అడగండి. నష్టాన్ని తగ్గించే అవకాశం చేతిలో ఉండీ వదిలేసిన వాళ్లు ఆ నష్టాన్ని మీ నెత్తిన వేయలేరు. ప్రయాణ బీమా కూడా చాలా పాలసీల్లో ప్రయాణం మొదలుకాకముందే రద్దు చేస్తే కొంత కోతతో ప్రీమియం వెనక్కి వస్తుంది. చివరగా సంస్థ సొంత సేవా రుసుము. వీసా పత్రాలు సిద్ధం చేయడం వరకు వాళ్లు చేసిన పనికి కొంత మినహాయించుకోవడం న్యాయమే. జర్మనీలో బస, స్థానిక రవాణా, గైడు, సంస్థల సందర్శన అంటూ మీకు అందని సేవలకు, ఎవరికీ చెల్లించని డబ్బుకు కోత పెట్టడం న్యాయం కాదు.

ఇప్పుడు తిరస్కరణ పత్రం బయటికి తీయండి. మీ కేసులో దీన్ని మించిన కాగితం లేదు. షెంగెన్ దేశాలన్నీ ఒకే నమూనా వాడతాయి. వరసగా కారణాలు అచ్చువేసి ఉంటాయి, మీకు వర్తించిన దాని పక్కన గడిలో గుర్తు పెడతారు. ప్రయాణ ఉద్దేశానికీ బస పరిస్థితులకూ తగిన ఆధారం చూపలేదన్న గడికి గుర్తు ఉంటే, ఆహ్వాన లేఖ, హోటల్ బుకింగ్, రోజువారీ కార్యక్రమం ఎవరు పెట్టాలో చూడాలి. ప్యాకేజీలో అవి సంస్థ బాధ్యతే అయితే సేవాలోపం స్పష్టం, అప్పుడు పూర్తి మొత్తమూ పరిహారమూ అడగవచ్చు. అదే ఖర్చులకు సరిపడా డబ్బు చూపలేదన్న గడికో, గడువులోగా తిరిగి వెళ్తారన్న నమ్మకం కలగలేదన్న గడికో గుర్తు ఉంటే పరిస్థితి వేరు. వీసా ఇవ్వడం, ఇవ్వకపోవడం రాయబార కార్యాలయం చేతిలో ఉంది, ఆ కారణానికి సంస్థను పూర్తి బాధ్యురాలిని చేయడం కష్టం. అప్పుడు మీకు న్యాయంగా వచ్చేది ఖర్చు కాని సొమ్ము. ‘వీసా గ్యారంటీ’ అని వాళ్లు ప్రకటనలోనో వాట్సాప్‌లోనో చెప్పి ఉంటే మాత్రం లెక్క మళ్లీ మారుతుంది, అది తప్పుదారి పట్టించే ప్రకటన. మీ ఇద్దరి పత్రాల్లో కారణాలు వేర్వేరుగా ఉండవచ్చు, రెండూ విడివిడిగా చదవండి.

తిరస్కరణ మీద నెల రోజుల్లో బెర్లిన్ పరిపాలనా న్యాయస్థానానికి వెళ్లే హక్కు ఉంది గానీ, తేదీలు దాటిపోయిన రెండు వారాల టూర్ కోసం ఆ ఖర్చు నేను సిఫార్సు చేయను. పత్రాలు సరిచేసుకుని కొత్తగా దరఖాస్తు పెట్టుకోవడమే మేలు. మీరు రేపు ఎంఎస్‌కు బ్రిటన్‌కో కెనడాకో దరఖాస్తు పెడితే, ఏ దేశమైనా వీసా నిరాకరించిందా అని అక్కడి ఫారాల్లో అడుగుతారు. ఉందని నిజం రాసి, ఈ పత్రం జతచేయండి. తిరస్కరణను దాచడం వల్ల జరిగే నష్టం తిరస్కరణ కంటే చాలా పెద్దది.

కేసు ఎక్కడ వేయాలి? హైదరాబాద్ వెళ్లనక్కర్లేదు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 సెక్షన్ 34 ప్రకారం ఫిర్యాదుదారు నివసించే చోటి జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయవచ్చు, కాబట్టి గుంటూరు సరిపోతుంది. ఫారంలో ‘వివాదాలు ఆర్బిట్రేషన్‌కే’ (అంటే కోర్టుకు కాక మధ్యవర్తి తీర్పుకే) అని రాసి ఉన్నా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడానికి అది అడ్డు కాదని సుప్రీంకోర్టు ఎమ్మార్ ఎంజీఎఫ్ కేసులో 2018లో తేల్చింది. కమిషన్ పరిధికీ రుసుముకూ చూసేది మీరు చెల్లించిన ప్రతిఫలాన్ని (సేవకు కట్టిన డబ్బును), అడిగే పరిహారాన్ని కాదు. ఇద్దరిదీ కలిపి 4,20,000. అయిదు లక్షల దాకా రుసుమే లేదు. ఇద్దరూ కలిసి ఒకే ఫిర్యాదు వేయవచ్చు. ఒకే సంస్థ మీద ఒకే రకం ఫిర్యాదు ఉన్న కొద్దిమంది ఉమ్మడిగా రావచ్చని బ్రిగేడ్ ఎంటర్‌ప్రైజెస్ కేసులో 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే పైన చెప్పినట్టు తిరస్కరణ కారణాలు వేర్వేరైతే విడిగా వేయడమే మంచిది, ఒకరి బలహీనత ఇంకొకరి కేసును లాగేయకుండా ఉంటుంది. ఎటూ రుసుము లేదు కదా.

ఫిర్యాదు రాసేటప్పుడు చాలామంది, కొన్నిసార్లు న్యాయవాదులు కూడా, ఒక చోట దెబ్బతింటారు. ‘వాపసు లేదు’ అన్న షరతు అన్యాయమైన ఒప్పందం కాబట్టి దాన్ని కొట్టేయండి అని ప్రధాన కోరికగా రాస్తారు. అన్యాయమైన ఒప్పందాల ఫిర్యాదు వినే అధికారం ఈ చట్టంలో రాష్ట్ర, జాతీయ కమిషన్లకే ఉంది, జిల్లా కమిషన్‌కు లేదు. అందుకే ఫిర్యాదును సేవాలోపం, అనుచిత వ్యాపార పద్ధతి అన్న రెండు ఆధారాల మీద నిలబెట్టండి. లోపమున్న సేవకు తీసుకున్న డబ్బును బిల్లులో చెప్పిన గడువులో, గడువు లేకపోతే 30 రోజుల్లో వాపసు ఇవ్వకపోవడం సెక్షన్ 2(47) కింద అనుచిత వ్యాపార పద్ధతే. బిల్లు ఇవ్వకపోవడం కూడా అంతే.

ముందు 15 రోజుల గడువుతో నోటీసు పంపండి. అందినట్టు రుజువు వచ్చేలా స్పీడ్ పోస్టులోనూ, ఈమెయిల్‌లోనూ పంపండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు కూడా ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి, కొన్ని సంస్థలు అక్కడే దిగివస్తాయి. కానీ వాళ్లతో మాటలు నడుస్తున్నాయి కదా అని కాలం వెళ్లదీయకండి. వివాదం పుట్టిన రోజు నుంచి రెండేళ్లే గడువు, ‘చూస్తాం, చేస్తాం’ అన్న మెయిళ్లు ఆ గడువును పెంచవు. ఫిర్యాదు వినియోగదారుల కమిషన్ల ఈ-జాగృతి పోర్టల్లో ఆన్‌లైన్‌లో వేయవచ్చు, న్యాయవాది లేకుండా మీరే వాదించుకోవచ్చు. నోటీసు అందాక ఎదుటి పక్షం 30 రోజుల్లో, మహా అయితే మరో 15 రోజుల్లో జవాబు వేయాలి. 45 రోజులు దాటితే కమిషన్ కూడా గడువు పొడిగించలేదు. ఆ తేదీ లెక్కపెట్టుకుని ఉండండి.

వాట్సాప్ సంభాషణలే మీకు ముఖ్యమైన సాక్ష్యమైతే స్క్రీన్‌షాట్లతో సరిపెట్టకండి. చాట్ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసి, ఆ ఫోన్ మార్చకుండా ఉంచండి. భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63(4) కింద ధ్రువపత్రం జతచేయండి. అందులో మొదటి భాగం మీరు, రెండో భాగం నిపుణుడు నింపాలి, ఫైలు హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే సంకేతం) కూడా రాయాలి. కమిషన్ విచారణ ప్రధానంగా అఫిడవిట్లు, పత్రాల మీదే నడుస్తుంది కాబట్టి ఈ శ్రమ వృథా పోదు.

మీ స్నేహితురాలి నాన్నగారి విషయం. మీరు వాళ్ల తరఫున డబ్బు చేరవేశారు, అంటే చట్టం దృష్టిలో ఏజెంటు. ఏజెంటుగా మీ బాధ్యత లెక్క చెప్పడం. ఆమె వాటా 2,10,000 మీ ఖాతాకు ఎప్పుడు వచ్చిందో, అందులోంచి సంస్థకు ఎప్పుడు వెళ్లిందో బ్యాంకు స్టేట్‌మెంట్‌లో గుర్తుపెట్టి ఆయనకు పంపండి. పూర్తిగా చేరవేసినట్టు చూపిస్తే, సంస్థ ఎగ్గొట్టిన డబ్బుకు మీరు పూచీ కారు. ‘డబ్బుకు నేను హామీ’ అని ఎక్కడా రాసి ఇవ్వకండి. ఆయన్ని కూడా ఫిర్యాదులో కలవమని మర్యాదగా అడగండి. సేవ పొందాల్సిన లబ్ధిదారు కూడా చట్టంలో వినియోగదారే, కాబట్టి డబ్బు మీ ఖాతా నుంచి వెళ్లినా ఆ అమ్మాయి హక్కు పోదు.

అన్నీ మీ ఖాతా నుంచే వెళ్లాయి కాబట్టి ఇంకొకటి చూసుకోండి. విదేశీ టూర్ ప్యాకేజీల మీద సంస్థ టీసీఎస్ (అమ్మేటప్పుడే కొనేవారి దగ్గర తీసుకునే ఆదాయపు పన్ను) వసూలు చేస్తుంది. నలుగురి టీసీఎస్సూ మీ పాన్ మీదే జమై ఉండవచ్చు. ఆదాయపు పన్ను పోర్టల్లో మీ వార్షిక సమాచార నివేదిక తెరిస్తే తెలుస్తుంది. మీకు పన్ను కట్టాల్సిన ఆదాయం లేకపోయినా గడువులోగా రిటర్న్ వేస్తే అది వాపసు వస్తుంది, వచ్చాక ఎవరి వాటా వాళ్లకు పంచండి. వసూలు చేసి జమే చేయలేదని తేలితే ఆ మొత్తాన్ని కూడా నోటీసులో చేర్చండి.

కమిషన్ మీ పక్షాన ఆదేశించాక సంస్థ అప్పీలుకు వెళ్లాలంటే 45 రోజుల్లో, ఆదేశించిన మొత్తంలో సగం ముందుగా జమచేయాలి. అప్పీలు లేకుండా, డబ్బూ ఇవ్వకుండా కూర్చుంటే వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 71 కింద అమలు పిటిషన్ వేయండి, దాంతోపాటు సెక్షన్ 72 కింద కూడా వేయండి. నెల నుంచి మూడేళ్ల దాకా జైలు, 25,000కు తగ్గని జరిమానా పడే అవకాశం ఉన్నది ఆ రెండో దానిలోనే.