పెద్దవాళ్లతో, పిల్లాడితో ఓల్డ్ ర్యాగ్ రిడ్జ్ ఎక్కొచ్చా?

అక్టోబర్ వీకెండ్‌లో, ఇండియా నుంచి వచ్చిన అత్తమామలనీ పదేళ్ల బాబునీ తీసుకుని వర్జీనియాలో షెనండోవా నేషనల్ పార్క్‌లోని ఓల్డ్ ర్యాగ్ కొండ ఎక్కొచ్చా అని అడిగారు కదా. నేనుండేది ఉత్తర వర్జీనియాలోనే, ఆ కొండంటే ప్రాణం, ఏటా వెళ్తుంటాను. బాబు సంగతి చివర్లో చెబుతాను గానీ పెద్దవాళ్లని మాత్రం రిడ్జ్ ట్రైల్ మీదికి తీసుకెళ్లకండి.

అడవిలో మలుపులు తిరుగుతూ ఎక్కినంతసేపూ మామూలు కాలిబాటే, అందుకే చాలామంది ఇంతేనా అనుకుంటారు. చెట్లు పలచబడి గ్రానైట్ బండల మీదికి వచ్చాక దాదాపు మైలు దూరం చేతులు కూడా వాడి ఎక్కాలి. ఒక సందు దగ్గర బండ అంచున కూర్చుని, కాళ్లు కిందికి వేలాడేసి, మెల్లగా జారి దిగాలి. బ్యాగ్ ముందే తీసి కిందున్నవాళ్లకి అందించండి, లేదంటే అది వెనక రాయికి తట్టుకుని మనిషిని ముందుకు తోసేస్తుంది. ఇంకా పైన మెట్లలాంటి ఇరుకు దారి, నెత్తి మీద రెండు గోడల మధ్య ఇరుక్కున్న పెద్ద బండ. నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు అదే. ఆ గ్రానైట్ వయసు వంద కోట్ల ఏళ్ల పైమాటే, దాని పగుళ్లలోకి తర్వాతెప్పుడో లావా ఎక్కి గట్టిపడింది, అది గ్రానైట్ కంటే త్వరగా అరిగిపోవడంతో ఆ దారి పడింది.

ప్లానింగ్‌లో అన్నిటికంటే ముఖ్యం, వెనక్కి తిరగాలా వద్దా అన్నది మొదటి బండల దగ్గరే తేల్చుకోవడం. ఆ బండలు ఎక్కడం కంటే దిగడం కష్టం, పైగా వీకెండ్‌లో కింది నుంచి జనం వరసకట్టి వస్తుంటారు. రాయి తడిగా ఉన్నా, ఉరుము వినిపించినా, బాబు అప్పటికే నీరసపడినా అక్కడే తిరిగేయండి. తడి గ్రానైట్ మీద ఎంత ఖరీదైన షూ అయినా జారుతుంది.

మార్చి 1 నుంచి నవంబర్ 30 దాకా పార్క్ ఎంట్రీ కాక విడిగా డే టికెట్ ఆన్‌లైన్‌లో ముందే కొనాలి. కొండ దగ్గర సిగ్నల్ దొరకదు కాబట్టి టికెట్, మ్యాప్ ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసుకోండి. పార్క్ లోపలి కొండదారి స్కైలైన్ డ్రైవ్ వైపు వెళ్లకండి, పార్కింగ్ నెదర్స్ అనే ఊరి వైపు ఉంది. మొత్తం లూప్ 9.4 మైళ్లు, ఎక్కేది 2,300 అడుగుల పైనే, పిల్లలతో ఎనిమిది గంటలు వేసుకోండి. పొద్దున ఏడింటికల్లా నడక మొదలుపెడితే బండల దగ్గర క్యూ తక్కువ. బాబు కాక మిగతావాళ్లకి మనిషికి మూడు లీటర్ల నీళ్లు, హెడ్‌ల్యాంప్ తప్పనిసరి. పులిహోర పైకెక్కాకే తినండి, పొట్ట నిండుగా ఉంటే ఆ సందుల్లో వంగలేం.

మీ అత్తమామలకి మోకాళ్లు బాగుంటే బెర్రీ హాలో వైపు నుంచి శాడిల్ ట్రైల్ ఉంది. బండలు పాకకుండానే శిఖరం చేరొచ్చు, రానూపోనూ ఐదున్నర మైళ్లు. ఎత్తు మాత్రం బాగానే ఉంటుంది, టికెట్ అటు కూడా కావాలి, పార్కింగ్ చిన్నది. మీలో ఒకరు వాళ్లతో అటు వెళ్లండి, ఇంకొకరు బాబుతో రిడ్జ్ ఎక్కండి. పైన కలిసే టైమ్, ఎంతసేపు చూసి దిగిపోవాలో ముందే అనుకోండి, ఫోన్లు పనిచేయవు.

ఇక బాబు. ముందు వారం స్కైలైన్ డ్రైవ్ పక్కనున్న బేర్‌ఫెన్స్‌కి తీసుకెళ్లండి, మైలున్నర లోపే, అక్కడా బండలు పాకాలి. వాడు అక్కడ చేతులు ఎక్కడ వేయాలో తనే వెతుక్కుంటుంటే ఓల్డ్ ర్యాగ్‌కి టికెట్లు కొనేయండి. కిందికి చూసి బిగుసుకుపోతే ఈ ఏడాదికి వాడు కూడా తాతయ్య, అమ్మమ్మలతో శాడిల్ ట్రైల్ వైపే.