సాయంత్రం ఫలహారానికి నియమాలు: ముందు నీళ్లు చూడండి

దర్శి దగ్గర పల్లెలో ఒకటి నుంచి ఐదో తరగతి పిల్లలకు సాయంత్రం ఫలహారం పెడుతున్నాం, పోషకాహార నియమాలు ఎలా రాయాలి అని అడిగారు కదా మేడమ్. టెన్షన్ పడకండి. ఆ వయసుకు బడి మధ్యాహ్న భోజనం లెక్క ఎటూ ఉంది: రోజుకు 450 కిలోక్యాలరీలు, 12 గ్రాముల ప్రోటీన్. మీరు పెట్టేది దాని మీద చేర్పు మాత్రమే. మళ్లీ అన్నం వద్దు.

మీ వైపు అసలు చూడాల్సింది నీళ్లు. చాలా బోర్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. కాచినా పోదు, మరిగేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. శనగలు నానబెట్టే నీళ్లూ, ఉడికించే నీళ్లూ పరీక్ష చేయించినవే ఉండాలని మొదటి నియమంగా రాయండి. తాగడానికి క్యాన్ తెప్పించి, వంటకు మాత్రం బోరు నీళ్లు పట్టేస్తుంటారు మరి! టీ అసలొద్దు: అందులోనూ ఫ్లోరైడ్ ఉంటుంది, పైగా ఐరన్‌ని ఒంటబట్టనివ్వదు.

మెనూకి పెద్దగా ఆలోచించక్కర్లేదు. తలకు 30 గ్రాముల ఎండు శనగలతో గుగ్గిళ్లు చేస్తే దాదాపు 6 గ్రాముల ప్రోటీన్. నిమ్మకాయ దించాకే పిండాలి, పొయ్యి మీద ఉండగా కాదు. మరో రోజు కాల్షియం కోసం బెల్లం వేసిన రాగి జావ. వేరుశనగ ఉండలు పెట్టేముందు ఏ పిల్లకైనా పడవేమో తల్లుల్ని అడగండి. దాతలు బిస్కెట్ ప్యాకెట్లు ఇస్తామంటే, ఆ డబ్బుతో జామకాయలు కొనిపెట్టమనండి.