ఊపిరి లెక్కపెట్టు, ఆ తర్వాతే మందు రాయి

చిరంజీవి డాక్టరమ్మకు ఆశీస్సులు.

ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చేరుతున్నావని తెలిసి చాలా సంతోషమేసింది. దగ్గు, జలుబు, ఆయాసం అంటూ వచ్చేవాళ్లతోనే నీ ఓపీ నిండిపోతుంది కాబట్టి ఈ ఉత్తరంలో వాటి గురించే రాస్తున్నాను.

కొత్తగా చదువు ముగించి వచ్చినవాళ్లకు రోగం పేరు ముందు తేల్చేయాలన్న ఆత్రం ఉంటుంది. ఓపీలో ఆ ప్రశ్న రెండోది. ఎదురుగా ఉన్న మనిషి ఊపిరికి ఎంత కష్టపడుతున్నారు, ఇంటికి పంపొచ్చా, పెద్దాసుపత్రికి పంపాలా అన్నది మొదటిది. దానికి జవాబు చాలావరకు నీ కళ్లూ, చేతి గడియారమే చెబుతాయి. స్టెతస్కోప్ ఆ తర్వాత.

పిల్లల విషయంలో ఇది మరీ ముఖ్యం. ఏడుస్తున్న బిడ్డ ఊపిరి లెక్కపెడితే తప్పు లెక్కే వస్తుంది. తల్లి ఒళ్లో కుదురుగా ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి, నిండా ఒక నిమిషం లెక్కపెట్టు. పసివాళ్ల ఊపిరి ఒకే తీరుగా నడవదు, అందుకే 15 సెకన్లు చూసి నాలుగుతో హెచ్చించడం పనికిరాదు. 2 నెలల లోపు బిడ్డకు నిమిషానికి 60, అక్కణ్నుంచి ఏడాది లోపు 50, ఏడాది నుంచి ఐదేళ్ల లోపు 40, లేదా అంతకు మించి ఉంటే వేగం ఎక్కువున్నట్టే, న్యుమోనియా (ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్) అనుమానించాలి. ఊపిరి పీల్చినప్పుడు ఛాతీ కింది భాగం లోపలికి పోతోందేమో కూడా చూడు. ‘డొక్కలు ఎగరేస్తున్నాడమ్మా’ అని తల్లి అంటే, చేస్తున్న పని ఆపి ఆ బిడ్డ దగ్గరకు వెళ్లు.

పాలు తాగలేకపోవడం, తాగిందల్లా కక్కేయడం, ఫిట్స్, మగతగా పడి ఉండటం, ఏడవకుండా ఉన్నప్పుడు కూడా గాలి పీల్చేటప్పుడు గొంతులో కీచుమనే శబ్దం, రక్తంలో ఆక్సిజన్ 90 శాతం కన్నా తక్కువ. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆక్సిజన్ పెట్టి, యాంటీబయాటిక్ మొదటి మోతాదు ఇచ్చి వెంటనే పంపించు. 2 నెలల లోపు బిడ్డకు రెండోసారి లెక్కపెట్టినా 60 కన్నా తగ్గకపోతే, వేరే లక్షణాలేవీ లేకపోయినా పంపాల్సిందే. ఇవేవీ లేకుండా, 2 నెలలు దాటిన బిడ్డకు ఊపిరి వేగం ఒక్కటే ఉంటే నోటి ద్వారా అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ సరిపోతుంది. పూటకు కిలో బరువుకు 40 మిల్లీగ్రాముల చొప్పున, రోజుకు రెండు పూటలు, 5 రోజులు. రెండు రోజుల తర్వాత తప్పకుండా మళ్లీ చూపించమను. పిల్లికూతలు వినిపిస్తే మాత్రం, స్పేసర్‌తో (ఇన్‌హేలర్‌కు తగిలించే గొట్టం) ఊపిరిగొట్టాలను తెరిచే సాల్బుటమాల్ ఇచ్చి, 15 నిమిషాలాగి మళ్లీ లెక్కపెట్టాకే యాంటీబయాటిక్ సంగతి ఆలోచించు. ఆడుకుంటూ ఉన్నట్టుండి పొలమారి దగ్గు మొదలైందంటే, పిల్లికూత ఒక పక్కే వినిపిస్తే, గింజో పూసో లోపల ఇరుక్కుందని అనుమానించు. ఎక్స్‌రే మామూలుగా ఉన్నా ఆ అనుమానం వదలకు.

పెద్దవాళ్ల దగ్గుకి వస్తే, యాంటీబయాటిక్ రాయమన్న ఒత్తిడి నీ మీద గట్టిగా ఉంటుంది. కళ్లె పచ్చగా వస్తోంది కదా అంటారు. వైరస్ వల్ల వచ్చే బ్రాంకైటిస్‌లోనూ (ఊపిరిగొట్టాల వాపు) పచ్చగా వస్తుంది, రంగు చూసి మందు రాయకు. జ్వరం తగ్గినా దగ్గు రెండు మూడు వారాలు ఉండొచ్చని మొదటిరోజే చెప్పు. చెప్పకపోతే ఐదోరోజుకల్లా ఇంకెక్కడో ఇంకో యాంటీబయాటిక్ రాయించుకుంటారు. రాత్రి దగ్గుకి తేనె కొంత ఉపశమనం ఇస్తుంది, కానీ ఏడాది లోపు పిల్లలకు బొటులిజం అనే విషక్రిమి జబ్బు ప్రమాదం ఉంది, వాళ్లకు వద్దు. నల్లమందు జాతికి చెందిన కోడీన్ ఉన్న దగ్గు సిరప్‌లు 12 ఏళ్ల లోపు వాళ్లకు అసలు రాయకు.

న్యుమోనియా అనిపిస్తే నాలుగు సంగతులు చూడు: కొత్తగా వచ్చిన తికమక, నిమిషానికి 30 లేదా ఆపైన ఊపిరి, బీపీ పై అంకె 90 కన్నా తక్కువ లేదా కింది అంకె 60కి మించకపోవడం, వయసు 65 లేదా ఆపైన. ఒక్కటీ లేకపోతే ఇంట్లోనే మందులతో చూడొచ్చు. ఒకటి రెండు ఉంటే ఆసుపత్రి గురించి ఆలోచించాలి, మూడుంటే ఆలస్యం చేయొద్దు. ముసలివాళ్లలో జ్వరం లేకుండా తికమక ఒక్కటే కనిపించొచ్చు. పల్స్ ఆక్సీమీటర్‌ని పూర్తిగా నమ్మకు. వేళ్లు చల్లబడినా, గోళ్లకు రంగు ఉన్నా తప్పు చెబుతుంది. నల్లని చర్మం ఉన్నవాళ్లలో ఉన్నదాని కన్నా ఎక్కువ చూపించొచ్చు.

ఉబ్బసం గురించి నాకు గట్టి అభిప్రాయం ఉంది. ఒకరోజు బాగుండి ఒకరోజు ముదిరేది, తెల్లవారుజామున నిద్రలేపేది, దుమ్ముకో చల్లగాలికో పరుగుకో రేగేది ఉబ్బసమే కావచ్చు. ఆ పేరు చెబితే భయపడతారని ‘అలర్జీ దగ్గు’ అంటూ నసిగి సిరప్ ఇచ్చి పంపొద్దు. పేరు చెప్పు, ఇన్‌హేలర్ ఎందుకో కూడా చెప్పు. ఊపిరిగొట్టాల లోపలి వాపును తగ్గించేది స్టెరాయిడ్ ఇన్‌హేలర్. ఆస్తమాపై అంతర్జాతీయ మార్గదర్శకాలిచ్చే గినా, 12 ఏళ్లు దాటినవాళ్లకు సాల్బుటమాల్ ఒక్కదానితోనే వైద్యం చేయొద్దని 2019 నుంచి చెబుతోంది. రాసి ఊరుకోకుండా నీ ముందే వాడించు. డబ్బా కదిలించి, ఊపిరి పూర్తిగా వదిలి, నొక్కుతూ నిదానంగా పీల్చి, 10 సెకన్లు బిగబట్టాలి. స్టెరాయిడ్ అయితే తర్వాత నోరు పుక్కిలించాలి. మందు పనిచేయట్లేదని వచ్చినవాళ్లకు మోతాదు పెంచేముందు మళ్లీ ఒకసారి వాడించి చూడు.

ఏళ్ల తరబడి పొగ తాగి ఆయాసపడేవాళ్లకు సీఓపీడీ (ఊపిరిగొట్టాలు శాశ్వతంగా ఇరుకైపోయే జబ్బు) అని ముద్ర వేసేముందు స్పైరోమెట్రీ, అంటే ఊపిరి ఊదించి కొలిచే పరీక్ష చేయించు. పడుకుంటే ఆయాసం పెరిగి కాళ్లు వాస్తుంటే గుండెను చూడు. బీపీకి ఎనలాప్రిల్ వాడేవాళ్లు పొడిదగ్గు అంటే అది ఆ మందు వల్లే కావచ్చు, మాత్ర మార్చు.

ఇక రెండు వారాలు దాటిన దగ్గు. మామూలు దగ్గు కూడా మూడు వారాలు సాగుతుందని పైన రాశాను. అయినా రెండు వారాలు దాటితే, మనిషి ఎంత ఆరోగ్యంగా కనిపించినా క్షయకు కఫం పరీక్ష చేయించు. చాలామందికి ఏమీ ఉండదు, ఫరవాలేదు. ఆ ఫలితం రాకముందే ‘బలమైన మందు’ కదా అని లెవోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ రాయకు. అది క్షయ క్రిముల మీద కూడా పనిచేస్తుంది కాబట్టి కొన్నాళ్లు తగ్గినట్టే ఉండి అసలు రోగం ఆలస్యంగా బయటపడుతుంది, క్రిములు మందుకు లొంగకుండా తయారయ్యే ప్రమాదమూ ఉంది. పరీక్ష నెగెటివ్ వచ్చినా దగ్గు ఆగకపోతే ఎక్స్‌రే తీయించు. క్షయ అని తేలితే ఇంట్లో ఐదేళ్ల లోపు పిల్లలున్నారేమో అదే రోజు అడిగి, వాళ్లను కూడా పిలిపించి చూడు.

నీ మేలు కోరే
పెద్ద డాక్టర్