తొలిచూలు, తొలి కాన్పు ఒకటేనా?

సందేహం: జనాభా అధ్యయనానికి సంబంధించిన వ్యాసం ఒకటి తెలుగు చేస్తున్నాను. 'పెళ్లికీ తొలిచూలుకూ మధ్య సగటు వ్యవధి' అని రాశాను. 'తొలి కాన్పు' అనాలని మిత్రుడి పట్టు. రెండూ ఒకటే కదా?

సమాధానం: వాడుకలో ఒకటిగానే చెల్లుతున్నాయి. 'తొలిచూలు కొడుకు' అన్నా 'తొలి కాన్పులో పుట్టినవాడు' అన్నా ఇంట్లో ఎవరికీ తేడా రాదు. మీ వ్యాసంలో మాత్రం వస్తుంది. చూలు అంటే గర్భం; చూలాలు గర్భిణి. కాన్పు అంటే కనడం. నెలల్లో లెక్కపెట్టే చోట ఈ రెంటికీ తొమ్మిది నెలల ఎడం.

ఫ్రాన్స్‌లో జనాభా శాస్త్రవేత్త లూయీ ఆంరీ 1950లలో పాత చర్చి రిజిస్టర్ల నుంచి ఒక్కో కుటుంబాన్నీ తిరిగి కూర్చే పద్ధతిని తీర్చిదిద్దాడు. పెళ్లి తేదీ ఒకచోట, బిడ్డ జ్ఞానస్నానం తేదీ మరోచోట ఉంటాయి. రెంటినీ జతచేసినప్పుడు ఎనిమిది నెలలు నిండకముందే బిడ్డ కనిపిస్తే, గర్భం పెళ్లికి ముందుదని లెక్క. అక్కడ చూలు ముందు, పెళ్లి తర్వాత, కాన్పు ఆ తర్వాత. మీ మాటే వాడితే వ్యవధి సున్నాకన్నా కిందికి పోతుంది!

మీ మిత్రుడి మాట కొంత నయం. కానీ మృతశిశువు పుట్టినా కాన్పే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే వంటివి తొలి బిడ్డగా లెక్కించేది ప్రాణంతో పుట్టిన బిడ్డను. పట్టికలో 'తొలి సజీవ జననం' అనండి. చెవికి ఇంపుగా ఉండదు, నిజమే. వ్యాసం నడకలో 'తొలి బిడ్డ పుట్టుక' చాలు.

మీరు అడగలేదు గానీ, 'పెళ్లి'నీ ఓసారి చూసుకోండి. బాల్యవివాహాల రోజుల్లో ఎనిమిదేళ్లకు పెళ్లయిన పిల్ల ఈడేరాకే కాపురానికి వెళ్లేది. ఆ నడుమ ఏళ్లు కూడా కలిపితే లెక్కకు అర్థం లేదు. సర్వేలు పెళ్లి ఎప్పుడైందో, భర్తతో కలిసి ఉండడం ఎప్పుడు మొదలైందో విడివిడిగా అడిగేది ఇందుకే. మూలంలో రెండోది ఉంటే 'కాపురానికి వెళ్లిన నాటినుంచి' అనండి.

ఇక 'సగటు'. బిడ్డ పుట్టినవారినే తీసుకుని సగటు కడితే, త్వరగా కన్నవారే ఎక్కువగా లెక్కకెక్కి వ్యవధి కురచగా తేలుతుంది. అందుకే జీవిత పట్టిక పద్ధతిలో, ఇంకా బిడ్డ పుట్టనివారిని సర్వే నాటివరకూ ఎదురుచూస్తున్నవారుగా లెక్కలో ఉంచుతారు. మొత్తం మీద సగం మందికి తొలి బిడ్డ పుట్టడానికి ఎన్ని నెలలు పట్టిందో చూస్తారు. అది సగటు కాదు, మధ్యగతం. సర్వే నాటికి బిడ్డ పుట్టనివారిని 'పిల్లలు లేనివారు' అనకండి. 'ఇంకా' అన్న మాట వదలకండి. వారిలో ఎవరో సర్వే మర్నాడే పురుడు పోసుకుని ఉండవచ్చు.