మాటిచ్చి బెంచ్ మీద కూర్చోబెడితే ఎలా?

ప్రశ్న: ఫుట్‌బాల్ మేనేజర్ అనే, క్లబ్‌ని మనమే నడిపే వీడియో గేమ్‌లో కొత్త స్ట్రైకర్‌ని ‘రెగ్యులర్ స్టార్టర్’ అని మాటిచ్చి తెచ్చుకున్నాను. పాత స్ట్రైకరేమో గోల్స్ మీద గోల్స్ కొడుతున్నాడు. కొత్తవాడు అలిగాడు, అమ్మేయనా?

జవాబు: వద్దండీ, ముందు ఆడించండి. చివరి ఇరవై నిమిషాలకు దింపితే అతనికి సరిపోదు, మొదటి పదకొండు మందిలో ఉంటాననే కదా సంతకం పెట్టింది. కప్ మ్యాచ్‌లు అతనికిచ్చేయండి, లేదా ఇద్దరు స్ట్రైకర్ల ఫార్మేషన్‌కి మారి చూడండి. అసలు టెన్షన్ పడాల్సింది ఆ ఒక్కడి అలక గురించి కాదు, డ్రెస్సింగ్ రూమ్‌లో పలుకుబడి ఉన్న సీనియర్లు అతని పక్షాన చేరితే జట్టంతా నీరుగారిపోతుంది, అప్పుడు గెలవాల్సిన మ్యాచ్‌లు కూడా చేజారతాయి. ఇకమీదట సంతకం కోసం పెద్ద హోదా ఆశ చూపకండి, అది నాకు అస్సలు నచ్చదు. జీతం కాస్త పెంచైనా ‘స్క్వాడ్ ప్లేయర్’గానే, అంటే అవసరాన్ని బట్టి ఆడే ఆటగాడిగానే ఒప్పించండి. 2020 ఎడిషన్ నుంచి హోదాని సీజన్ల వారీగా రాసుకునే వీలు కూడా ఉంది, కుర్రాళ్ల విషయంలో దాన్ని తప్పకుండా వాడండి: ఈ ఏడాది తక్కువ, వచ్చే ఏడాది ఎక్కువ.