షూ అంచు రోడ్డుకు రాసుకుంటే బైక్ ఇక వంగదనా?

తిరుమల నుంచి దిగేటప్పుడు ఒక మలుపులో ఎడమ షూ రోడ్డుకు రాసుకుంది, బైక్ లిమిట్ అయిపోయినట్టేనా, కాలు ఎక్కడ పెట్టాలి అని అడిగావు తమ్ముడూ. లిమిట్ కాదు. నువ్వు కాలు పెట్టిన తీరు తప్పు. అలాగే నేనూ ఒక జత షూ అరగదీసుకున్నాను.

మనలో చాలామంది అరికాలి గుంటను ఫుట్‌రెస్ట్ మీద ఆన్చి నడుపుతాం. ఎడమ కాలి వేళ్లు గేర్ రాడ్ దగ్గర, కుడి కాలివి బ్రేక్ మీద వేలాడుతుంటాయి. బైక్ వంచగానే ఫుట్‌రెస్ట్ కంటే ముందు ఆ వేళ్లే నేలకు చేరతాయి. ఊరికే రాసుకుంటే సరే. ఏ గతుకుకో తట్టుకుంటే మాత్రం రోడ్డు పాదాన్ని వెనక్కి ఈడ్చేస్తుంది, చీలమండ మెలి తిరుగుతుంది.

అందుకే గేర్ మార్చడం, స్పీడు తగ్గించడం మలుపుకు ముందే అయిపోవాలి. తర్వాత లోపలి వైపు పాదాన్ని కాస్త వెనక్కి లాగి, వేళ్ల వెనకుండే మెత్తటి భాగాన్ని ఫుట్‌రెస్ట్ మీద పెట్టు. బొటనవేలు ముందుకే చూడాలి, బయటికి తిరగకూడదు. ఎడమ మలుపులో కుడి కాలు బ్రేక్ మీదే ఉన్నా పర్వాలేదు, అది పైకి లేచే వైపు. కుడి మలుపులోనే చిక్కు. అక్కడ బ్రేక్ కాలే నేలకు దగ్గరవుతుంది. అందుకే దిగుడులో సెకండ్ గేర్‌లో ఉంటే ఇంజనే సగం ఆపుతుంది. న్యూట్రల్‌లో జారవిడిచే తెలివితేటలు వద్దు.

ఇక అసలు లిమిట్ సంగతి. ఒకసారి భాకరాపేట ఘాట్‌లో వస్తున్నా. పాత 150 సీసీ బండి, వెనక బావమరిది, వాడి ఒళ్లో పెళ్లి పత్రికల బ్యాగు. ఎడమ మలుపులో గర్ర్‌మని చప్పుడు, వెనక చక్రం చిన్నగా ఎగిరి పక్కకు జరిగింది. పడలేదు, అంతే. ఫుట్‌రెస్ట్ తగిలిందనుకున్నా. చంద్రగిరిలో మెకానిక్ బండిని పక్కకు వంచి చూపించాడు. సెంటర్ స్టాండ్ అంచు కొత్త రూపాయి బిళ్లలా మెరుస్తోంది. ఫుట్‌రెస్ట్ తగిలితే స్ప్రింగ్ ఉంది కాబట్టి పైకి మడుచుకుంటుంది, స్టాండ్ మడవదు, చక్రాన్నే లేపేస్తుంది. "ఇద్దరెక్కితే బండి రెండు వేళ్ల మందం కిందికి దిగతాది సామీ, నీ లెక్కేమో ఒక్కడివి ఉన్నప్పటిది" అన్నాడు. దానికి తోడు స్టాండ్ స్ప్రింగ్ సాగిపోయి ఉంది, అది నా నిర్లక్ష్యమే.

వంపు ఎంతన్నది స్పీడు, మలుపు గుండ్రం మీద ఉంటుంది. 15 మీటర్ల వ్యాసార్థం ఉన్న మలుపును 30 కిలోమీటర్ల స్పీడులో తిప్పితే సుమారు 25 డిగ్రీలు వంగాలి. అదే 40లో అయితే దాదాపు 40 డిగ్రీలు. పది కిలోమీటర్లకే అంత తేడా! స్పీడు వర్గంతో లెక్క కాబట్టి అలా పెరుగుతుంది. మన మామూలు బైక్‌లకు కింద ఏదో ఒకటి తగిలేది ఇంచుమించు ఆ ప్రాంతంలోనే. రేసుల్లో 60 దాటిస్తారు కానీ ఆ టైర్లు, ఆ రోడ్డు వేరు. నడుము నుంచి పైభాగాన్ని కాస్త లోపలికి వంచితే అదే స్పీడుకు బండి తక్కువ వంగుతుంది. ఇది ఖర్చులేని ఉపాయం.

నువ్వు దిగింది 1944లో తెరిచిన పాత ఘాట్. ఇప్పుడది దిగడానికి మాత్రమే. ఎదురుగా బండి రాదన్న ధైర్యంతోనే అక్కడ మనకు స్పీడు పెరుగుతుంది. కానీ నవంబర్ వానల్లో నీడ మలుపులు ఆరవు, కొండమట్టి కొట్టుకొచ్చి ఉంటుంది, ఎక్కడో బస్సు డీజిల్ ఒలికి ఉంటుంది. అక్కడ 20 డిగ్రీలకే టైర్ జారవచ్చు, ఏదీ రాసుకోకముందే.

ఇంటికెళ్లి ఆ ఎడమ షూ తిప్పి చూడు. చిటికెన వేలి పక్కన అంచు అరిగి ఉంటే నీ పాదం బయటికి తిరిగి ఉందన్నమాట. అలాగే స్టాండ్ స్ప్రింగ్ కూడా ఒకసారి లాగి చూసుకో.