సీరియల్ మీద మొదలైన తగవు

ప్రశ్న: మాది గుంటూరు. పెళ్లయి ఆరేళ్లయింది, బాబుకు నాలుగేళ్లు, ఉద్యోగాల వల్ల ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో ఉంటున్నాం. ఈమధ్య మావారూ నేనూ బీబీసీ 2004లో ప్రసారం చేసిన ‘హి న్యూ హి వాజ్ రైట్’ సీరియల్ చూశాం. అందులో భార్య పుట్టింటివారికి పాత స్నేహితుడైన ఒక కల్నల్ ఆమెను చూడడానికి తరచూ రావడం భర్త సహించలేడు, భార్య తగ్గదు, కాపురం కూలిపోతుంది. ‘ఆవిడ ఒక్కసారి సరేనంటే పోయేది, అంతా మొండితనం’ అన్నారు మావారు. అనుమానం అతనిదైతే తప్పు ఆమెదెలా అవుతుందని నేనన్నాను. అప్పటి నుంచీ ముభావంగా ఉన్నాం. అంతకుముందే, మా మేనేజరు రాత్రిళ్లు పెట్టే మెసేజీల కోసం ఆయన రెండుసార్లు నా ఫోను తీసి చూశారు. ఆయన అన్నది నన్ను ఉద్దేశించేనా?

జవాబు: అమ్మా, ఒక కథ మీద మీ వారు చెప్పిన అభిప్రాయాన్ని ఆయన మనసుకు సాక్ష్యంగా తీసుకోకండి. ఆ కథ చూసినవాళ్లు ఇలా రెండుగా చీలడం సహజమే. మూలమైన నవలను 1860ల చివర రాసిన ఆంథొనీ ట్రాలప్, ఆ భర్త మీద పాఠకులకు జాలి కలిగించాలన్నదే తన ఉద్దేశమనీ, అందులో విఫలమయ్యాననీ ఆత్మకథలో చెప్పుకున్నాడు. అంటే మీ వారు రచయిత కోరుకున్న వైపు కొంత మొగ్గారు, మీరు అతను రాయగలిగిన వైపు నిలబడ్డారు. అయితే ఫోను తీసి చూడడం అభిప్రాయం కాదు, అది ఆయన చేసిన పని. మాట్లాడవలసింది దాని గురించి.

ఆ కథలో భర్త ఒక మాజీ పోలీసుకు డబ్బిచ్చి భార్య మీద నిఘా పెట్టిస్తాడు. అతను తెచ్చిన వార్త అబద్ధం కాదు. భార్య డెవన్‌లో తలదాచుకున్న పల్లెకు కల్నల్ వెళ్లిన మాట నిజమే, దానికి భర్త కట్టిన అర్థమే తప్పు. రాత్రి పదింటికి మెసేజీ వచ్చిందన్నది కూడా అలాంటి నిజమే. అందుకే రోజూ ఫోను చేతికిచ్చి చూసుకోమనడం వల్ల మీకు మనశ్శాంతి రాదు. ఇవాళ ఏమీ కనబడకపోతే తుడిచేశారేమోనన్న అనుమానం రేపు పుడుతుంది. దానికి బదులు, బాబు పడుకున్నాక కాకుండా ఇద్దరూ అలసిపోని ఒక శనివారం ఉదయం, ‘నా ఫోను చూసినప్పుడు మీకు దేని గురించి భయం వేసింది?’ అని అడిగి, ఆయన చెప్పేది పూర్తయ్యేదాకా వినండి. జవాబు మీ మేనేజరు గురించి కాకపోవచ్చు, పరాయి ఊళ్లో తనకు దగ్గరివాళ్లు ఎవరూ లేరన్న బెంగ కావచ్చు. ఆ సంభాషణలో సీరియల్ పాత్రల పేర్లు ఎత్తకండి. గుంటూరులోని పెద్దవాళ్లను అప్పుడే కలపకండి. కథలో అక్కచెల్లెళ్లూ స్నేహితులూ తల్లిదండ్రులూ మధ్యలోకి వచ్చినకొద్దీ ఇద్దరికీ వెనక్కి తగ్గడం పరువు సమస్య అయింది.

ఒక హద్దు మాత్రం గుర్తుంచుకోండి. మీ జీతం, పాస్‌పోర్టు ఆయన తన దగ్గర పెట్టుకున్నా, స్నేహితులతో మాట్లాడనివ్వకపోయినా, బాబును ఇండియాకు తీసుకుపోతానని బెదిరించినా అది భార్యాభర్తల అలక కాదు. కథలోని తండ్రి బిడ్డను ఎత్తుకుని ఇటలీకి వెళ్లగలిగాడు. ఇప్పుడు ఇంగ్లండ్‌లో తల్లి సమ్మతిగానీ కోర్టు అనుమతిగానీ లేకుండా అలా చేయడం నేరం, భార్యను అదుపులో పెట్టి వేధించడం కూడా 2015 చట్టం ప్రకారం నేరమే. అలాంటి పరిస్థితి వస్తే గృహహింస బాధితుల హెల్ప్‌లైన్ 0808 2000 247కు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు. మీ ఉత్తరంలో అంతటి సూచనలు నాకు కనబడలేదు.

ఇక మేనేజరు. చూసినవాళ్లంతా భార్యాభర్తలను తూకం వేస్తూ ఆ కల్నల్‌ను తేలిగ్గా వదిలేస్తారు. తన రాకతో ఒక ఇల్లు అల్లకల్లోలమవుతోందని తెలిసి కూడా అతను వెళ్తూనే ఉంటాడు, పైగా అందులో కాస్త సరదా కూడా పడతాడు. మీ మేనేజరు రాత్రి పెట్టేవి పని మెసేజీలేనా, లేక మీకే ఇబ్బందిగా ఉన్నాయా అన్నది మీ వారి సంగతి పక్కనపెట్టి మీరే తేల్చుకోండి. ఇబ్బందిగా ఉంటే ఆఫీసు వేళల తర్వాత జవాబివ్వనని మీ పేరుతో, మీ నిర్ణయంగా మేనేజరుకే రాయండి. మామూలు పని మాటలే అయితే మీ వారిని బుజ్జగించడం కోసం మానేయనక్కర్లేదు.